పాట్ గారి తోటలో ముగ్గు

మే 5, 2020, మంగళవారం
ముందు అందరి ఒళ్లూ ఎలా ఉందో రాసుకుంటే గాని చెయ్యి ఆడదు. అమ్మాయి హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చింది. జ్వరం లేదు, మాస్కు ఒరిసి ముక్కు కమిలింది. అల్లుడు బాగానే ఉన్నాడు. మనవరాలు తుమ్మింది... ఒక్కసారే. పక్కింటి పాట్ గారు దగ్గుతున్నారు, పెద్దాయన, ఒంటరి. నాకు మోకాళ్లు.
లాక్‌డౌన్‌లో ఇన్నాళ్లూ గడప దాటనివ్వని ముసలివాళ్లు ఇవాళ్టి నుంచి బయట నడవొచ్చట.

మే 6
పాట్ గారి స్ప్రూస్ తోట దాకా వెళ్లాను, దేవదారులాంటి చెట్లు. గాలికి పడిన చెట్టొకటి. కింద కాఫీపొడిలా రజను. బెరడు పట్టుకుంటే ఊడి వచ్చింది. లోపల — ముగ్గే! నిలువుగా ఒక గీత, అటూ ఇటూ సన్నటి పాయలు. మనవరాలికి చూపిద్దామని కొంగులో కట్టి తెచ్చాను. వంటింటి కిటికీలో పెట్టాను.

మే 8
అల్లుడు చూశాడు. కలపలో పురుగుందేమో చూసే ఉద్యోగం అతనిది. ముఖం మారిపోయింది.
"అత్తయ్యా, ఇదెక్కడిదండీ? బెరడు తోట దాటించకూడదు."
"ముగ్గులా ఉందని, బాబూ..."
"ముగ్గు కాదండీ, పురుగు కాపురం."
తల్లి తొలుచుకుంటూ గుడ్లు పెడుతుందట, పిల్లలు పక్కలకు తినుకుంటూ పోతాయట. గట్టి చెట్టయితే బంక కార్చి ముంచేస్తుందట. వానల్లేక ఈసారి చెట్లకు ఆ ఓపిక లేదు. ఒకటి చేరితే వాసనతో మిగతావాటిని పిలుస్తుంది. ఇక్కడ ఉండే రకమైతే పడిన చెట్టు తీసేస్తే చాలు. ఈ దేశంలో లేని రకమైతే — తోటంతా కొట్టేయాలి.
బెరడు సంచిలో వేసి మూతి బిగించాడు. తర్వాత కిటికీ గట్టు మీద మిరియం కనబడింది. నడిచింది.

మే 9
బెరడు పరీక్షకు పంపాడు. ఆ నడిచినదాన్నీ.

మే 11
తోట పాట్ గారూ, కాలం చేసిన వాళ్లావిడా కలిసి నాటిందట. కొంగు దులిపాను ఆ రోజు... దారిలోనే. అక్కడ చెట్లు నిలబడే ఉన్నాయి, పచ్చగా.

మే 12
అమ్మాయి కసిరింది. "నీ వల్ల రాలేదే అమ్మా! ముందే ఉంది."
"ఉన్నదాన్ని మోసింది నేనేగా?"


మే 14
కంచె దగ్గర దూరంగా నిలబడి అల్లుడు పాట్ గారికి అంతా చెప్పాడు. ఆయన నావైపు చూసి "యు ఆర్ గ్రాండ్, మిసెస్" అన్నారు, పర్లేదమ్మా అని ఇక్కడివాళ్లు అనే తీరు. అల్లుడివైపు తిరిగి, "ఆల్ ఆఫ్ దెమ్?"
నాకొచ్చిన ఇంగ్లీషుకి అది చాలు.

మే 16
ఏ రకమో ఇంకా తేలలేదు. పాట్ గారు పొద్దుటి నుంచి తోటలోనే ఉన్నారు.
అటవీ శాఖవాళ్లు వస్తారట. బెరడు ఎక్కడ ఊడిందో, కొంగు ఎక్కడ దులిపానో నేనే చూపించాలి. పాట్ గారూ పక్కనే ఉంటారు.
బుధవారం, ఇరవయ్యో తేదీ, పొద్దున.