చివరి వంద మీటర్లు

దిల్‌సుఖ్‌నగర్, మంగళవారం

ప్రియమైన స్వప్నక్కా,

హాస్టల్లో మా ఫోన్లన్నీ తీసేసుకున్నారు. అందుకే ఈ ఉత్తరం ఖాళీ అన్నం డబ్బాలో పెట్టి గోపయ్య బాబాయి ఆటోలో పంపుతున్నాను. ఆదివారమే సెలక్షన్. నాలుగు వందల మీటర్లు అరవై ఒక్క సెకన్లలో పరిగెడితే అకాడమీలో సీటు, లేకపోతే మూటాముల్లె సర్దుకోవడమే. నాకు అరవై నాలుగు దాటుతోంది. మూడు వందల దాకా అందరికంటే నేనే ముందు. ఆ తర్వాత తొడలు భగ్గున మండుతాయి, కాళ్ళు కదలవు. కోచ్ నాగార్జున సార్ అందరి ముందూ "నీకు దమ్ము లేదు, ఇంటికి పో" అన్నాడు. ఏడుపొచ్చింది. కాలేజీ పిల్లలకు జీవశాస్త్రం చెప్తావు కదా, నా ఒళ్ళు ఎందుకిలా మోసం చేస్తోందో నాకూ చెప్పు.

గుండెనొప్పి తర్వాత నాన్న ఎలా ఉన్నాడు? మంచం దిగాడా?

నీ చెల్లి,
వర్ష

ఎల్.బి.నగర్, బుధవారం

చిట్టి చెల్లికి,

దమ్ము గురించి మీ సార్‌కేం తెలుసు! కండలో తయారుగా ఉండే శక్తి ఏడెనిమిది సెకన్లకే అయిపోతుంది. ఆ తర్వాత కండ ఆక్సిజన్ అందేదాకా ఆగదు, తనలో దాచుకున్న చక్కెరను గబగబా వాడేసుకుంటుంది. ఆ తొందరలో ఆమ్లం పేరుకుంటుంది, నీ మంట అదే. ఎంత గొప్ప రన్నర్‌కైనా అది తప్పదు. కానీ మంట వేరు, కాళ్ళు పూర్తిగా చచ్చుబడటం వేరు. దాచుకున్న చక్కెర తక్కువైందేమోనని నాకు అనుమానం. అది వచ్చేది అన్నంలోంచే. రెండు పూటలకు సరిపడా పంపుతున్నాం, డబ్బా ఖాళీగానే వస్తోంది. తింటున్నది నువ్వేనా? నా మీద ఒట్టేసి చెప్పు.

నాన్న బాగానే ఉన్నాడు. పడుకునే ఉంటున్నాడు.

నీ అక్క,
స్వప్న

దిల్‌సుఖ్‌నగర్, గురువారం పొద్దున

అక్కా,

ఒట్టు వేయమన్నావు కాబట్టి చెప్తున్నాను. నాన్నను దవాఖానాకు తీసుకెళ్ళిన రోజు మైసమ్మకు మొక్కుకున్నాను. నాన్న మళ్ళీ ఆటో తోలేదాకా ఒక్కపొద్దు ఉంటానని. అప్పటినుంచి మధ్యాహ్నం ఒక్కపూటే తింటున్నాను. రాత్రి అన్నం రూములో పిల్లలు తినేస్తున్నారు.

నన్ను ఎంతైనా తిట్టు, తినమని మాత్రం అనకు. మొక్కు తప్పితే నాన్నకేమైనా అవుతుందేమోనని భయం. సీటు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు, నాన్నను ఎక్కడినుంచి తెచ్చుకోను?

వర్ష

ఎల్.బి.నగర్, గురువారం సాయంత్రం

వర్షా, తల్లీ,

ముందు అన్నం తిను, తర్వాత ఇది చదువు.

నాన్న ఇరవై రోజులుగా ఆటో తోలుతున్నాడు. డాక్టర్ రెండు నెలలు కదలొద్దన్నాడు. ఈయన వింటేనా! "చేతులు కట్టుకొని కూసుంటే నాకు పిచ్చి లేస్తది. చిన్నదానికి చెప్పకుండ్రి, పరుగు ఇడిసిపెట్టి ఒస్తది" అన్నాడు. అమ్మా నేనూ నోరు మూసుకున్నాం. గోపయ్య బాబాయి పేరు చెప్పి నీ డబ్బా తెస్తున్నది కూడా నాన్నే. వీధి మలుపులో ఆటో ఆపి, వాచ్‌మన్ చేతికిచ్చి వస్తున్నాడు.

నీ మొక్కు ఎప్పుడో తీరిపోయింది. ఇన్ని రోజులూ నీ కడుపు మాడ్చింది మేమే. సిగ్గుగా ఉంది. ఇంకా రెండు రోజులున్నాయి, కండలు చాలావరకు కోలుకుంటాయి. మూడు పూటలా తిను.

నీకు అబద్ధం చెప్పిన
స్వప్న

సరూర్‌నగర్ గ్రౌండ్, ఆదివారం

అక్కా,

మీ మీద కోపంతోనే తిన్నాను. మూడు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఇవాళ మూడు వందల దగ్గర మంట మామూలుగానే వచ్చింది. కాళ్ళు మాత్రం మాట విన్నాయి. అరవై పాయింట్ ఎనిమిది. సీటు వచ్చింది, సాయంత్రంలోగా అకాడమీలో చేరాలి.

కంచె అవతల నాన్న ఆటో పక్కన నిలబడి కేకలు పెడుతున్నాడు. పరుగెత్తింది నేను, చెమటలు ఆయనకు. నాకు భయమేసింది. ఫారం మీద తండ్రి సంతకం కావాలి. ఆఫీసు మూయడానికి పది నిమిషాలే ఉన్నాయి. పెన్ను ఇవ్వకుండా, "ముందు ఆటో తాళంచెవులియ్యి" అన్నాను.

"ఏందే, బెదిరిస్తున్నవా?"

"అవ్, బెదిరిస్తున్న. సీటన్న ఇడిసిపెడత గానీ, డాక్టర్ చెప్పేదాక నిన్ను తోలనియ్య."

గడియారం చూశాడు, నా మొహం చూశాడు. నేను కదల్లేదు. నాలుగు నిమిషాలుండగా తాళంచెవులు నా చేతిలో పెట్టాడు. సంతకం చేసేటప్పుడు కళ్ళు తుడుచుకున్నాడు.

ఇప్పుడు నిజంగానే గోపయ్య బాబాయి తన ఆటోలో వచ్చాడు. నాన్నను అందులో వెనక సీట్లో కూర్చోబెట్టి పంపుతున్నాను, నాన్న ఆటో ఇక్కడే గ్రౌండ్ దగ్గర ఉంటుంది. తాళంచెవులు బాబాయి చేతికిస్తున్న ఈ కవరులోనే ఉన్నాయి. రెండు నెలలు నిండేదాకా ఆయనకు దొరకకుండా దాచిపెట్టు. దాచడం నీకు బాగా చేతనవుతుంది కదా.

కోపం ఇంకా తగ్గని
నీ వర్ష