సర్వీసు పోకుండా

అక్కా,

విద్యార్థుల తాకిడి పెరగడంతో ఇక్కడ కెనడాలో, వాటర్లూలోని ఒక ప్రభుత్వ కాలేజీ నాకు ఉద్యోగం ఇస్తానంది. కిచెనర్ ప్రభుత్వ ఆఫీసులో నేను చేసిన పన్నెండేళ్ల సర్వీసు పోతుందేమోనని భయపడ్డాను. నువ్వు ఇలాగే ఉద్యోగం మారి, సర్వీసంతా పోగొట్టుకున్నావు. దాంతో కూడబెట్టుకున్న సిక్ లీవులూ పోయి, కీమో అయిన మర్నాడే పనికి వెళ్లావు.

ఈ రోజు ఆ కాలేజీ హెచ్ఆర్‌లో మన తెలుగావిడే, శాంతి గారు, "ముందు సైన్ చేసేయండి, సర్వీసు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు.

"రాసిస్తేనే చేస్తానండీ" అన్నాను.

ఆవిడ పైవాళ్లతో మాట్లాడి వచ్చేదాకా ఉద్యోగం చేజారిందనే అనుకున్నాను. చివరికి సర్వీసు, లీవులు రెండూ కంటిన్యూ అవుతాయని రాసిచ్చారు.

"ఇంత పట్టుబట్టారేంటండీ?" అని అడిగారు శాంతి గారు.

నీ పేరు చెప్పి, సంతకం చేశాను.