దర్భబొమ్మకు తొందరపడకండి

తార్నాక, 20-1-67

అన్నయ్యకు నమస్కారాలు. ఇక్కడ కులాసా.

65 యుద్ధంలో బావ విమానం జాడ తెలియక ఏడాది దాటింది గనుక, మాఘంలో శవానికి బదులు దర్భబొమ్మ చేసి కర్మ జరిపిస్తామని రాశావు. ఆపించు. యూనివర్సిటీలో ఇంజనీరింగు చెప్పే ఒక జర్మన్‌ను నిన్న పత్రిక కోసం కలిశాను. రెండో ప్రపంచయుద్ధంలో ఫైటర్ పైలట్. రష్యాలో అతని విమానం కూలింది. పోయాడనుకుని ఊరివాళ్ళు స్మారక రాతిమీద పేరు చెక్కించారు. ఐదేళ్ళకు ఖైదు నుంచి తిరిగొచ్చాడు. ఆ పేరు ఇంకా అలాగే ఉందని నవ్వాడు. భార్య అప్పటికే మరొకరిని పెళ్ళాడిన సంగతి మాత్రం నవ్వకుండా చెప్పాడు.

బావ విషయం చెప్పాను.

"శవాన్ని ఎవరైనా చూశారా?"

"లేదు."

"మరి తొందరేమిటయ్యా మీకు?"

విడుదలైన యుద్ధఖైదీల్లో బావ పేరు లేదు. బతికున్నాడని నేననను. పోయాడనడానికీ ఆధారం లేదు. ఢిల్లీలో వాయుసేన ఆఫీసుకి మళ్ళీ రాశాను, జవాబు రాలేదు. అది వచ్చేవరకు చెల్లాయి అరుంధతి బొట్టు, గాజుల జోలికి ఎవరినీ రానివ్వకు. వియ్యాలవారితో నువ్వే మాట్లాడు. తను అన్నం తింటోందా? బాబు దగ్గు తగ్గిందా?

వదినకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. పోస్టుమాను కేకేస్తే గుమ్మంలోకి వచ్చేది అరుంధతే కదా. అందుకే కవరు పెట్టకుండా కార్డుమీద రాశాను.

తమ్ముడు,
ఉమాపతి