ఆ ఫస్టు నాది కాదు అక్కా

ఖమ్మం, ఖానాపురం హవేలి
శనివారం సాయంత్రం

ప్రియమైన అక్కకు, ప్రభువు పేరిట వందనాలు చేసి నీ చెల్లెలు సుగుణ రాస్తున్నది.

నేనిక్కడ క్షేమం. ఒంటికి సంబంధించినంత వరకు ఆ మాట నిజమే, మిగతాది కింద రాస్తాను. నీ కళ్లు ఎలా ఉన్నాయి? చుక్కల మందు రెండు పూటలా వేసుకుంటున్నావా, లేక అడిగేవాళ్లు లేరు కదా అని సీసా కిటికీలో పెట్టి మరిచిపోయావా? భద్రాచలం దగ్గర గోదావరి పెరుగుతున్నదని రేడియోలో చెప్పారు. మన ఇన్‌స్టిట్యూట్ పల్లంలో ఉంది కాబట్టి టైపు మిషన్లన్నీ బెంచీల మీదికి ఎత్తించు. ఎత్తించు అన్నాను, ఎత్తు అనలేదు. సాయంత్రం బ్యాచి పిల్లలకు చెప్తే పది నిమిషాల పని. నీ నడుము సంగతి నాకు తెలుసు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. నెల పరీక్షలో నాకు ఫస్టు వచ్చిందని నేను రాసిన ముక్కను నువ్వు స్త్రీల కూటంలో చదివి వినిపించావని, పాస్టరు అయ్యగారు లేచి ప్రార్థన చేశారని, ఇక ఆలస్యం దేనికని ‘త్వరలో ఇక్కడ కంప్యూటరు నేర్పబడును’ అని బోర్డు కూడా రాయించి తగిలించావని చదివాను. గేటు దగ్గర నిలబడే చదివాను. మరునాటి నుంచి ఆ బోర్డే కళ్ల ముందు కనపడుతున్నది. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. కానీ మొదట మిగతా సంగతులు రాయనివ్వు, ధైర్యం కూడగట్టుకోవాలి.

ఇక్కడ రోజూ వానే. ఉతికిన బట్ట రెండు రోజులైనా ఆరదు, తడి చీరె కట్టుకొనే క్లాసుకు పోతున్నాను. నా గది కరెంటాఫీసులో పనిచేసే ఆయన ఇంటికి వెనక వైపు ఉన్నది. కిటికీ తెరిస్తే వాళ్ల నీళ్ల ట్యాంకు, దాని వెనక గోడ. ఇంటామె రాజేశ్వరి మంచిదే, నోరే ఊరుకోదు. నేను ఫైలు పట్టుకొని బయలుదేరినప్పుడల్లా అరుగు మీద నుంచి ఒకటే పాట. “ఏందమ్మా, గీ వయసుల పలక పట్టినవ్?” అన్నది మొన్న. పలక కాదమ్మా, టీవీ లాంటిది అన్నాను. “అట్లయితే మంచిదే, కూసోని సూడొచ్చు” అన్నది. నిజంగా ఆమె అన్నట్టే ఉంటే ఎంత బాగుండేది.

వంట ఒక పూటే చేస్తున్నాను. పొద్దున స్టవ్ మీద అన్నం, ఒక కూర వండి పెట్టుకుంటే రాత్రికీ అదే. ఒక్క మనిషి కోసం తిరగమోత పెట్టడం ఎంత విసుగో నీకూ ఇప్పుడు తెలిసే ఉంటుంది. నువ్వు పంపిన గోంగూర పచ్చడి సీసా అడుగు తేలింది. అన్నం తిని పడుకుంటే చుట్టూ ఎంత నిశ్శబ్దమో చెప్పలేను. ఇరవై ఏళ్లు టైపు మిషన్ల చప్పుడు మధ్య బతికినదాన్ని. మనం పోట్లాడుకున్నా ఆ చప్పుడులోనే, పాటలు పాడుకున్నా ఆ చప్పుడులోనే. నాకు ఇల్లు గుర్తొస్తే నీ ముఖం కంటే ముందు ఆ చప్పుడే గుర్తొస్తున్నది, ఏమనుకోకు.

ఇక కంప్యూటరు క్లాసు సంగతి. ఎరువుల దుకాణం పైన మేడ. చెప్పులు బయట విప్పి లోపలికి పోవాలి. మనిషికి చెమట పట్టినా ఫరవాలేదు గాని మిషన్‌కు పట్టకూడదట, అందుకని ఏసీ పెట్టారు. తడి చీరెతో ఆ చలిలో కూర్చుంటే నా మోకాళ్లు నావి కానట్టే ఉంటాయి. నా గోధుమరంగు శాలువా ట్రంకు పెట్టెలో ఉంది. యోహాను గారు దవాఖానా పని మీద ఖమ్మం వస్తారని రాశావు కదా, ఆయన చేతికి ఇచ్చి పంపు. కంప్యూటర్లు నాలుగు, ఆడేవి మూడు. ఒక్కోదాని దగ్గర ఇద్దరం కూర్చుంటాం, మనిషికి దొరికేది అరగంట. కరెంటు పోతే అదీ లేదు. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు చూసి చూసి, సాయంత్రానికి గోడ మీద కూడా అవే కనపడతాయి. క్లాసులో అందరూ ఇరవై లోపు వాళ్లే. నలభై మూడేళ్లదాన్ని నేనొక్కదాన్నే.

మాకు నేర్పేది మన కుసుమ అని మొదటి ఉత్తరంలోనే రాశాను. అదే, బూర్గంపాడు నుంచి పొద్దున బస్సులో ఆరు గంటల బ్యాచికి వచ్చేది, టైపు లోయర్ పరీక్ష ఒకసారి తప్పి వారం రోజులు అన్నం మానేసిన పిల్ల. నువ్వే పోయి బతిమాలి తీసుకొచ్చావు. మొదటి రోజు నేను లోపలికి పోగానే కుర్చీలోంచి దిగ్గున లేచి నిలబడింది. మేడం లేచిందని క్లాసంతా లేచింది. ఇన్‌స్పెక్షన్‌కు ఎవరో వచ్చారనుకొని నేను కూడా వెనక్కి తిరిగి చూశాను. “టీచర్, మీరా! కూసోండ్రి టీచర్. మీరు నిలబడితే నేనెట్ల కూసుంట?” అన్నది. అందరి ముందూ కాళ్లకు కూడా దండం పెట్టబోయింది. ఆ రోజు నాకు ఎంత సంతోషమైందో నీకు తెలుసు, రెండు పేజీలు రాశాను.

ఆ రోజు నుంచి నేను వచ్చినప్పుడల్లా అదే మర్యాద. నా తెర చూసి, “బాగుంది టీచర్” అనేది. నా వేళ్ల వేగం చూసి పిల్లలు నా చుట్టూ మూగేవాళ్లు. మార్జిన్లు మార్చడం, ప్రింటు తియ్యడం లాంటి కొత్త పనులు వచ్చినప్పుడు, “గవి నేను చూసుకుంట టీచర్, మీరు వీళ్లకు జర స్పీడు చూపియ్యండ్రి” అనేది. నేనూ పొంగిపోయి చూపించేదాన్ని. నాకు తెలిసిందే మళ్లీ మళ్లీ చేసి చూపిస్తున్నానని, తెలియనిది ఒక్కటీ నేర్చుకోవడం లేదని నాకు తట్టలేదు. తట్టనివ్వలేదు అంటే ఇంకా నిజం. నెల పరీక్షలో ఫస్టు ఇచ్చారంటే వచ్చిందనే నమ్మాను.

నీ ఉత్తరం వచ్చిన మరునాడు, బుధవారం, క్లాసయ్యాక గొడుగు మరిచిపోయి మళ్లీ మేడెక్కాను. గదిలో కుసుమ ఒక్కతే ఉంది, నేను కూర్చునే మిషన్ ముందు. తెర మీద నేను పొద్దున కొట్టిన పేజీ ఉంది. ఒక్కో లైను చివరికి పోయి ఏదో చెరుపుతున్నది, మళ్లీ కింది లైనుకు పోతున్నది.

“ఏం చేస్తున్నావమ్మా?” అన్నాను.

మళ్లీ లేచి నిలబడింది. “ఏం లేదు టీచర్, జర సర్దుతున్న” అన్నది.

“ఏం సర్దుతున్నావు?”

 తెర నా వైపు తిప్పి చూపించింది. నీకు అర్థమయ్యేటట్టు రాస్తాను, ఎందుకంటే నీ చేయీ నా చెయ్యి లాంటిదే. మన మిషన్ మీద లైను చివర గంట మోగుతుంది, మనం క్యారేజీని తోసి కింది లైనుకు పోతాం. కంప్యూటరులో లైను నిండితే అక్షరాలు వాటంతటవే కిందికి దిగుతాయి. పేరా అయిపోతే తప్ప ఎంటర్ మీట నొక్కకూడదు. నేను రెండు నెలల నుంచి ప్రతి లైను చివరా నొక్కుతున్నాను. లోపల గంట మోగినట్టే ఉంటుంది, వేలు ఆగదు. తెర మీద చూస్తే పేజీ చక్కగానే కనపడుతుంది. కానీ మార్జిన్ ఒక్క అంగుళం జరిపితే సగం లైన్లు తెగి, పేజీ అంతా ఎలుకలు కొరికిన గుడ్డలా అవుతుంది. కుసుమ జరిపి చూపించింది.

“ఎన్నాళ్ల నుంచి సర్దుతున్నావు?”

“మొదటి వారం సంది.”

“పరీక్ష కాగితం కూడానా?”

“అవ్ టీచర్” అని తల దించుకున్నది.

కోపం ఎంత వచ్చిందంటే నేను కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. ఎందుకు చెప్పలేదని అడిగాను. “ఎట్ల చెప్త టీచర్? మీరిద్దరు లేకపోతే నాకీ నౌకరి యాడిది? మీ ముంగట నిలబడి తప్పు అనాల్నంటే నోరు రాలె. పోరలందరి ముంగట మీరు చిన్నబోతరని...” అని ఏడ్చింది.

“నేను చిన్నబోయింది ఇప్పుడమ్మా” అన్నాను. ఆ పిల్లను అంత మాట అనకుండా ఉండవలసింది. కానీ అక్కా, నేను ఇట్లాగే భద్రాచలం వచ్చి, మనల్ని నమ్మి వచ్చిన పిల్లలకు ఇదే నేర్పి ఉంటే? మనం ఎక్స్‌ట్రా మార్కు ఒక్కటి కూడా ఎవరికీ వెయ్యలేదు. ఆ పేరు తప్ప మనకు ఇంకేముంది?

రేపటి నుంచి నేను వస్తే లేవవద్దని చెప్పాను. “లేవకపోతే నా కాళ్లు ఊకోవు టీచర్” అన్నది. ఊరుకోవాలి అన్నాను. గురువారం నేను పోయేసరికి సగం లేచి, బల్ల అంచు పట్టుకొని, మళ్లీ కూర్చున్నది. పిల్లలు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. లేవవద్దన్నది నేనే అయినా, ఆమె కూర్చుంటే నాకు కొంచెం వెలితిగానే అనిపించింది, అబద్ధమెందుకు.

ఆ రోజు నా పక్కన స్టూలు వేసుకొని, ఎంటర్ మీట మీద తన అరచెయ్యి బోర్లించి పెట్టింది. ఒక పేజీ కొట్టమన్నది. కొట్టాను. లైను అయినప్పుడల్లా నా చిటికెన వేలు పోయి ఆమె చేతికి తగిలింది. నా వేలు ఎంత గట్టిగా పడుతుందో నీకు తెలుసు. ఆమె చెయ్యి తియ్యలేదు. ప్రతిసారీ “తప్పు టీచర్” అన్నది, మొదట నాకే వినపడనంత మెల్లగా, పేజీ చివరికి వచ్చేసరికి వెనక బెంచీ దాకా వినపడేటట్టు. వెనకెవరో కిసుక్కున నవ్వారు. నాకు చెవులు మండాయి. పేజీ అయ్యాక చూస్తే ఆమె చెయ్యి ఎర్రగా కమిలింది. 

నిన్న నా పరీక్ష మళ్లీ పెట్టమన్నాను. అన్ని పనులూ నేనే చేశాను, మార్జిన్లు, ప్రింటు, అన్నీ. వందకు ముప్పై ఎనిమిది వచ్చాయి. ఆమె పెన్సిలుతో వేసింది. పెన్నుతో వెయ్యమ్మా అని నా పెన్ను ఇచ్చాను. వేసి, కింద ‘ఫెయిల్’ అని రాసి సంతకం పెట్టింది. ఆ కాగితం ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. ఇన్నేళ్లలో మన ఇద్దరిలో ఎవరి పేరు మీదా ఆ మాట రాలేదు, నన్ను క్షమించు.

నువ్వు చెయ్యవలసిన పనులు, నా మీద కోపం ఉన్నా చెయ్యి. బోర్డు దింపించు. ఆ బోర్డు చూసి పేర్లు రాయించుకున్న నలుగురికీ ఇప్పట్లో లేదని చెప్పు. స్త్రీల కూటంలో ఫస్టు సంగతి ఎట్లా చదివావో ఇదీ అట్లాగే చదువు, గొంతు తగ్గించవద్దు. మన ఇన్‌స్టిట్యూట్ కోసం విజయవాడ నుంచి రావలసిన కంప్యూటరు ఇప్పుడే పంపవద్దని ఉత్తరం వెయ్యి.

ఇక చివరి మాట. కోర్సు ఈ నెలాఖరుకు అయిపోతుంది, నేను వస్తానని నువ్వు రోజులు లెక్కపెడుతున్నావని తెలుసు. నేనూ లెక్కపెడుతున్నాను. అలసిపోయాను అక్కా. తడి చీరెలు, చలిగది, ఒక్కతినే తినే అన్నం, పిల్లల నవ్వు, అన్నిటితోనూ అలసిపోయాను. ఒకటో తేదీన కొత్త బ్యాచి మొదలవుతుంది. కుసుమ నన్ను మొదటి పాఠం నుంచి కూర్చోమంటున్నది, ఈసారి నన్ను విడిచిపెట్టనని మాట ఇచ్చింది. ఇంకో మూడు నెలలు. ఆ మసక కళ్లతో పొద్దున ఆరు గంటల బ్యాచి నుంచి రాత్రి తాళం వేసే దాకా నువ్వొక్కదానివే చూసుకోవాలి.  నువ్వు నా కంటే పెద్దదానివి, ఉండాలా రావాలా అన్నది నువ్వు చెప్పవలసిన మాట. వచ్చెయ్యి అంటే మరునాడే మూట కట్టుకొని బస్సెక్కుతాను, ఒక్క మాట అడగను.

కానీ వచ్చెయ్యి అనవద్దు అక్కా.

అయ్యగారికి, అమ్మగారికి నా వందనాలు. పక్కింటి లీలమ్మ పిన్నిని అడిగినట్టు చెప్పు, కీళ్ల నొప్పులకు వేడినీళ్లతో కాపడం పెట్టుకోమను. మన మిషన్లన్నిటికీ వానకాలం పోయేదాకా వారానికి ఒకసారి నూనె వేయించు. నా కోసం ప్రార్థన చెయ్యి. నీ దీవెన కోరుతూ,

నీ చెల్లెలు
సుగుణ