తడిసిన ప్లగ్గు

నాన్నా,

నువ్వు లేకుండా కోసిన మొదటి మిరపకాయలు ఇవాళ కల్లంలో తడిశాయి.

నిన్న సాయంత్రం నీ బండి మీద తుంపర్లో ఇంటికొచ్చాను. రాత్రికి పెద్ద వాన అన్నారు. మనింట్లో చదువుకున్నది నేనొక్కదాన్ననే కదా, బండి తాళం నాకిచ్చావు. బండికి ఏమీ కాకూడదని, కల్లంలో కాయల మీద ఒకటి కప్పగా మిగిలిన పట్టాతో మొత్తం కప్పి చుట్టూ తాడు బిగించాను. నువ్వైతే తుడిచి, చూరు కింద పెట్టి, ప్లగ్గు క్యాప్ మీద సైకిల్ ట్యూబు ముక్క తొడిగి వదిలేసేవాడివి. "తడి మీద మూస్తే లోపలే చెమ్మ పడుతుంది" అని నువ్వనేది కాయల గురించే అనుకున్నాను.

తెల్లవారుజామున వాన మొదలైంది. కల్లంలో కాపలా ఉన్న అమ్మ ఫోన్ చేసింది.

"గాలికి పట్టా లేచిపోతోంది, ఒక్కదాన్నే పట్టలేకపోతున్నా. ఆ రెండోది తీసుకుని తొందరగా రావే."

విప్పి చూస్తే బండంతా చెమట పట్టినట్టుంది. ప్లగ్గు ఊడదీసి చున్నీతో తుడిచాను, ఊదాను, కిక్కు కొట్టాను. పక్కింటి మస్తాన్ బాబాయి వచ్చి, "జరుగు ఇంజనీరమ్మా" అని తనూ కొట్టాడు. ఎంత కొట్టినా స్టార్ట్ కాలేదు.

పట్టా నెత్తిన పెట్టుకుని పరిగెత్తాను. వెళ్ళేసరికి అమ్మ పట్టా కొస పట్టుకుని నీళ్ళలో కూర్చుని ఉంది. చుట్టూ కాయలు తేలుతున్నాయి.

మధ్యాహ్నం ఎండ కాసింది. ఇంటికొచ్చి ఊరికే కిక్కు కొడితే ఒక్క దెబ్బకే స్టార్ట్ అయింది. ఇక వెళ్ళాల్సిన చోటు లేదు. అయినా ఆపడానికి చెయ్యి రాలేదు నాన్నా.