అరవై దుబ్బుల్లో తొమ్మిది

వదినగారికి మణి నమస్కారాలు.

మీరు వెళ్ళిపోయి ఎనిమిది నెలలైంది. ఇక్కడ అందరం బాగున్నాం. సార్వా ఊడ్పులు అయ్యాయి. మామయ్యగారు మీ కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదువుతున్నారు. మీది దూరానికి, ఆయనకు కావాల్సింది దగ్గరికి... చెబితే వింటారా?

“నన్ను నువ్వు అను మణీ” అని ఎన్నిసార్లు చెప్పారో. అప్పుడు నోరు రాలేదు, ఇప్పుడు పెన్నూ కదలడం లేదు. మీరు అనే రాస్తాను, ఏమీ అనుకోకండి.

అసలు సంగతి చెప్పాలి. మీరు పేపర్లో పడ్డారు. ఆడవాళ్ళ పేజీలో, పెద్ద ఫోటోతో. ‘ఉప్పునీటిలో వరి పండించిన మొగల్తూరు ఆడపడుచు’ అని హెడ్డింగు. కింద ఏం రాశారో తెలుసా? మీరు పొద్దున్నే లేచి ఇంటిల్లిపాదికీ వండిపెట్టి ల్యాబుకు వెళ్ళేవారట. చేపల పులుసు పెట్టడంలో మీకు మీరే సాటి అట. అది చదివి మీ తమ్ముడికి పొలమారింది. మీరు కుక్కరు మాడ్చిన రోజు, ఏం కాలుతోందని వీధి చివరివాళ్ళు కూడా వచ్చి అడిగారు కదా...

ఇదంతా వాళ్ళకెవరు చెప్పారంటారా? నేనే. చెప్పలేదు, తల ఊపాను.

విలేకరి వచ్చేసరికి ఇంట్లో నేనొక్కదాన్నే. తలుపు చాటున నిలబడ్డాను. మేడంగారు వంట బాగా చేసేవారాండి అన్నారు, ఊపాను. పొద్దున్నే లేచేవారా అన్నారు, ఊపాను. ఉప్పునీటిలో వరి పండిందట కదా అన్నారు... దానికీ ఊపాను. తొందరగా వెళ్ళిపోతారని. కొత్త మనిషి ముందు నా సంగతి మీకు తెలుసు.

మామయ్యగారు ఆ పేజీని ల్యామినేషన్ చేయించి దండ వేసిన మీ ఫోటో పక్కన తగిలించారు. వచ్చినవాళ్ళందరికీ చూపించారు. నాకూ సంతోషంగానే అనిపించింది, ఓ నాలుగు రోజులు.

ఐదో రోజు సూరిబాబు బాబాయ్ వచ్చారు. ఇంకా ఆకుమడుల్లో నారు పోయని రోజులు. ఇన్నేళ్ళూ కూలికి వెళ్ళిన మనిషి, ఈసారి కౌలుకు తీసుకుని సొంతంగా పంట వేద్దామనుకున్నారు. రొయ్యల చెరువుల పక్కన ఉప్పు తేలి వదిలేసిన చేను ఉంది చూడండి, అది. పేపరు మడిచి చేత్తో పట్టుకున్నారు. మేడంగారిది ఏ రకమో చెప్పమ్మా, రేపే మాట ఇచ్చేస్తాను అన్నారు. సాయంత్రం చెబుతానని పంపేశాను.

ఆ వరి లెక్క రాసింది నేనే కదా. మీ వరి పరిశోధన కేంద్రంలో చోటు చాలదని, సెలవుల్లో మన పెరట్లో పెట్టిన సిమెంటు తొట్లు. మీరు కలిపిచ్చిన ఉప్పునీరు. అరవై దుబ్బుల్లో బతికినవి తొమ్మిది. వాటిలోనూ సగానికి గింజ పట్టక తాలే. ఏడో తరగతి చదివిన నా చేతికి నోటుబుక్కు ఇచ్చి “చచ్చినవి కూడా రాయి మణీ, జాలిపడి వదిలేయకు” అన్నారు. తొమ్మిదేనా అని నేను మొహం వేలాడేస్తే, “పోయినేడు ఒక్కటీ లేదు. పద, టీ పెట్టు. నేను పెడితే తాగలేవు” అని నవ్వారు.

నోటుబుక్కు తీశాను. కానీ ముందు మామయ్యగారికి చెప్పాలి. గోడ మీద అంత గొప్పగా ఉన్న కూతుర్ని నేనే కిందికి దించినట్టు అవుతుందేమో? చెప్పకపోతే బాబాయ్ ఏడాది కష్టం ఏమవుతుంది?... పాఠం అప్పజెప్పినట్టు కళ్ళు మూసుకుని అంతా చెప్పేశాను. ఆయన గోడ మీది మీ ఫోటో చూపించారు.

“దానికి తప్పు లెక్క గిట్టదమ్మా. వెళ్ళి చెప్పిరా” అన్నారు.

బాబాయ్ వాళ్ళ అరుగు మీద ఆరుగురు మగాళ్ళున్నారు. నిలబడి చదివాను. తొట్టి నంబరు, చచ్చినవి, బతికినవి, తాలు. ఎక్కడా ఆగలేదు. అయితే పేపరోళ్ళు అబద్ధం రాశారంటావా అన్నారు ఒకాయన. “వాళ్ళు అబద్ధం రాయలేదండి. నేను తల ఊపానండి” అన్నాను. అరుగంతా నవ్వు. బాబాయ్ మాత్రం నవ్వలేదు, ఆ చేను వద్దని చెప్పిరావడానికి చెప్పులేసుకున్నారు. తర్వాత కాలవ పక్కన అరెకరం దొరికింది లెండి. మామూలు రకమే ఊడ్చారు. పచ్చగా లేచింది.

మరి మిగతా ఊళ్ళ సంగతి? పేపరు మన ఊరికొక్కదానికే రాదు కదా... మీ తమ్ముడు విలేకరికి ఫోను కలిపి నా చేతిలో పెట్టి, తాను దొడ్లోకి పారిపోయారు. విలేకరిగారు మర్యాదస్తులే పాపం. ఆడవాళ్ళ పేజీకి లెక్కలు వద్దంటారమ్మా, ఇల్లు, వంట కావాలంటారు అన్నారు.

“మగ సైంటిస్టు గురించి రాస్తే, ఏం కూర వండేవారని అడుగుతారా అండి?” అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆ లెక్కల పుస్తకం ఓసారి చూడొచ్చా అన్నారు. రమ్మన్నాను.

ఆదివారం వచ్చారు. ఈసారి తలుపు ఇవతలే కూర్చున్నాను. నోటుబుక్కులో ప్రతి పేజీ ఫోటో తీసుకున్నారు. కేంద్రంలో మీతో పనిచేసిన మేడంగారికి ఫోను చేసి అన్నీ సరిచూసుకున్నారు. తాలు అంటే ఏంటండి అని ఆయన నన్ను అడిగారు చూడండి... నాకు ఎంత ధైర్యం వచ్చిందో.

ఎలాగైతేనేం, నెలన్నర తిప్పి మొన్న మంగళవారం వేశారు. లోపలి పేజీలో, అరచేయంత. ఫోటో లేదు, పులుసు లేదు. అరవైలో తొమ్మిదని ఉంది. చేలో వేసే దాకా రాలేదనీ, పని ఇంకా సాగుతోందనీ ఉంది. మామయ్యగారు దాన్నీ ల్యామినేషన్‌కి ఇచ్చారు.

ఆ మేడంగారు ఈ ఏడూ తొట్లు మన పెరట్లోనే పెట్టమన్నారు. మీరు దాచిన గింజలే వేశాం. లెక్క నేనే రాస్తాను వదినగారూ. ఎన్ని బతికితే అన్నే రాస్తాను.

అన్నట్టు, కొత్త వార్తలోనూ ఒక తప్పు పడింది. ‘ఈ లెక్కలన్నీ రాసింది ఆమె చెల్లెలు మణి’ అని వేశారు. మళ్ళీ ఫోను చేసి మరదలని దిద్దించమన్నారు మీ తమ్ముడు.

నేను చేయలేదు.

ఉంటాను,
మణి