పాప అరిచిన అరుపు

ఏమండీ,

నేను ఆసుపత్రికి వెళ్తున్నాను, మధ్యాహ్నం డ్యూటీ వేశారు. వంట చేసి పెట్టాను, వేడి చేసుకోండి. పాప ఫుట్‌బాల్ బూట్లు బాల్కనీలో ఆరుతున్నాయి. ఐదింటికల్లా దాన్ని గ్రౌండ్‌లో దింపండి.

నిన్న నేనూ వెళ్లి గట్టు మీద కూర్చున్నాను. "బంతి నాకివ్వవే! ఇటు చూడు!" అని గ్రౌండంతా వినపడేలా అరిచింది మన పాపేనండీ! చుట్టాలొస్తే నా వెనక నక్కే పిల్ల! ఆరేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని కథలు చదివించాను, అద్దం ముందు నిలబెట్టి మాట్లాడించాను. నావల్ల పెగలని గొంతు ఆ కోచ్ మేడం దగ్గర మూడు నెలల పరుగులకే పెగిలింది. క్లాసులో చెయ్యెత్తుతోందట. పడుకోగానే నిద్రపోతోంది. లెక్క తప్పినా ఏడవడం లేదు. సంతోషమే. కానీ గోల్ కొట్టగానే ఆమె దగ్గరికి పరిగెత్తింది, నా వైపు చూడను కూడా చూడలేదు. కడుపు మండిపోయింది, మీ దగ్గర దాపరికం ఎందుకు?

ఆమెకి థాంక్స్ చెబుదామని దగ్గరదాకా వెళ్లాను. "పాప నీళ్ల సీసా కనిపించిందా?" అని అడిగేసి వచ్చేశాను. ఇవాళ మీరు చెప్పండి.

నేను చెప్పమన్నానని చెప్పండి. మరీ అంత పొగడక్కర్లేదు.